రెండు దెబ్బలూ ఒక పోనీ

కోట అనే ఊరికి తూర్పున, గాలివాటును బట్టి సముద్రపు హోరు వినిపించీ వినిపించకుండా ఉండే దూరంలో, రొయ్యల గుంటల నడుమ ఒక గట్టు ఉంది. దాని వెడల్పు ఆరడుగులకు మించదు. ఎదురెదురుగా రెండు సైకిళ్ళు వస్తే ఒకటి ఆగి దారి ఇవ్వాలి. దాని మీద ఆటో పోదు; ట్రాక్టరు ఊసే లేదు. ఆ గట్టు చివరి గుంటకు మేత గోతాలు చేరాలన్నా, రొయ్యలు పట్టే పట్టుబడి రోజున ఐసు దిమ్మలు చేరాలన్నా హజరత్తయ్య తోకబండి ఒక్కటే దిక్కు.

తోకబండి అంటే మరేమీ కాదు. ఒక పాత మోటారు సైకిలు, దాని వెనక తగిలించిన రెండు చక్రాల ఇనుప తొట్టి. తొట్టికి ముందువైపు ఎద్దుల బండికి ఉన్నట్టే ఒక నొగ ఉంటుంది. నొగ చివర ఒక రంధ్రం, మోటారు సైకిలు వెనక బిగించిన పలకకు ఒక రంధ్రం. ఆ రెండు రంధ్రాలనూ ఒకదాని మీద ఒకటి కలిపి, పైనుంచి జానెడు ఇనుప చీల దింపితే రెండూ ఒకే బండి అవుతాయి. ఈ వాహనానికి ఏ నిఘంటువులోనూ పేరు లేదు. కోటలో దానిని అతికించి ఇచ్చిన వెల్డింగు బెన్హర్ ‘ట్రాలీ’ అన్నాడు. గుంటల యజమానులు ‘ట్రక్కు’ అంటారు. ఒకనాడు రోడ్డు మీద ఆపిన పోలీసాయన ఇంకొక మాట అన్నాడు. దానిని ఇక్కడ వ్రాయనక్కరలేదు. తోకబండి అని పేరు పెట్టింది హజరత్తయ్య భార్య రాఘవమ్మ. పంతొమ్మిదేళ్ళ కిందట బెన్హర్ కొట్టు ముందు దానిని మొదటిసారి చూసినప్పుడు, ‘ఇదేంది, నీ బండికి తోక మొలిచింది’ అన్నదామె. ఆ సమాసానికి విగ్రహవాక్యం రెండు విధాలుగా చెప్పవచ్చు: తోక గల బండి అనీ, తోకయైన బండి అనీ. మొదటిది మోటారు సైకిలుకు చెల్లుతుంది, రెండవది తొట్టికి. ఊరివాళ్ళు ఆ విచారణ ఏదీ పెట్టుకోకుండా పేరును తీసుకుపోయి మనిషికే తగిలించి, తోకబండి హజరత్తయ్య అన్నారు.

అతని అసలు పేరులోనూ ఒక అతుకు ఉంది. అతనికి ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే తల్లి ఒక దర్గాకు మొక్కుకున్నది. నెల్లూరు సీమలో ఇది వింత కాదు. దర్గాలో చదివింపులు, ఇంట్లో పెంచలస్వామి పటం, రెండింటికీ ఒకే చేత్తో ఊదొత్తులు. హజరత్తు అన్న పరాయి మాటకు మన అయ్య వచ్చి చేరగా హజరత్తయ్య అయినాడు. ఉకారసంధి. సంధి జరిగేటప్పుడు ముందున్న మాట తన చివరి అచ్చును వదులుకోవాలి. వదులుకుంటేనే వెనకది వచ్చి కలుస్తుంది. ఈ సంగతిని పిల్లలు పరీక్ష కోసం నేర్చుకొని మరచిపోతారు. నిజానికి మరచిపోదగినది కాదు.

తొట్టికి వెనకవైపు అంచు మీద, మేత గోతంలో పాతగుడ్డలు కుక్కి కుట్టిన దిండు ఒకటి ఉంటుంది. పద్దెనిమిదేళ్ళ పాటు రాఘవమ్మ స్థానం అదే. భర్తకు వీపు పెట్టి, కాళ్ళు కిందికి వేలాడవేసి, వెనక్కి చూస్తూ కూర్చునేది. ‘లారీ వస్తా ఉండాది, ఒదుగు’ అనేది. ‘గోతం జారతా ఉండాది, నిదానం’ అనేది. అందువల్ల హజరత్తయ్య మోటారు సైకిలుకు అద్దాలు లేవు. ఎప్పుడో విరిగిపోయిన వాటిని మళ్ళీ పెట్టించవలసిన అవసరం రాలేదు. తన వెనక జరిగే లోకాన్ని అతడు ఆమె నోటి ద్వారానే ఎరుగును. వాళ్ళకు పిల్లలు లేరు. కాబట్టి ఇంటిలోనూ ఇద్దరే, బండి మీదా ఇద్దరే.

ఇప్పుడు దిండు ఉంది, మనిషి లేదు. రాఘవమ్మ వెంకటాచలంలో తమ్ముడి ఇంట ఉండి పద్నాలుగు నెలలైంది. రానని ఆమె అనలేదు. వస్తానని కూడా అనలేదు. ఆమె మళ్ళీ వచ్చి ఆ దిండు మీద కూర్చుంటుందా, కూర్చోదా అన్న ఒక్క ప్రశ్ననే తోకగా తగిలించుకొని హజరత్తయ్య రోజూ ఆ గట్టు మీద పోయి వస్తున్నాడు.

మోటారు సైకిలుకు ముందుకు పోవడం మాత్రమే తెలుసు. వెనక్కి నడిచే విద్య దానికి లేదు. గట్టు చివర తూము దగ్గర ఒక చిన్న గదికి సరిపడే జాగా ఉంది. అక్కడ చీల లాగి, బండినీ తొట్టినీ విడదీసి, దేనిని దానిగా తిప్పుకొని, మళ్ళీ కలపాలి. ఇద్దరున్నప్పుడు ఇది నిమిషం పని. అతడు బండి ఎక్కి, కాళ్ళతో నెట్టుకుంటూ వెనక్కి వచ్చేవాడు. ఆమె నొగను నడుము ఎత్తుకు పట్టుకొని, రంధ్రాలు కలవగానే చీల దింపి, తొట్టి రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టేది. ఆ తర్వాత ‘పోనీ’ అనేది. దబ్, దబ్, పోనీ. పద్దెనిమిదేళ్ళలో ఈ వరుస మారలేదు. ‘పోనీ’ అన్నాక మూడడుగుల దూరం బండితో నడిచి, కదిలే తొట్టి మీదికి ఎగిరి కూర్చునేది.

పోనీ అన్న మాటను గురించి కొంత చెప్పుకోవాలి. ‘పోన్’ అన్న తుమర్థక రూపానికి ‘ఇమ్ము’ చేరి పోనిమ్ము అయింది. అది జనం నోళ్ళలో అరిగి పోనీ అయింది. పోవడానికి వీలు ఇమ్మని అర్థం. బస్సులో కండక్టరు ‘పోనీ’ అంటే డ్రైవరు బండిని కదిలిస్తాడు. చేయి జారి గాజు పగిలినప్పుడు పెద్దవాళ్ళు ‘పోనీ’ అంటే ఏడ్చే పిల్ల ఊరుకుంటుంది. పుట్టుక ఒకటే. కాని ఒక పోనీకి బండి కదులుతుంది, ఇంకొక పోనీకి మనిషి అక్కడే ఆగిపోతాడు. ఒకే మాటను పలికిన గొంతును బట్టి పోల్చుకోవాలి, పోల్చుకోవాలంటే వినాలి.

పోయిన యేడు ఆషాఢంలో, పడమటి గాలి గుంటల నీటిని ఒక పక్కకు దువ్వుతున్న ఉదయం పూట, వాళ్ళిద్దరూ ఆ గట్టు చివర మేత దింపి బండి తిప్పుతున్నారు. రాఘవమ్మ తమ్ముడు కామాక్షయ్య కూతురికి ఆ గురువారం నిశ్చితార్థం.

“గురువారం పట్టుబడి ఉండాది మే. ఈ గుంట ప్రసాదుకు ఒప్పుకున్నా,” అన్నాడు హజరత్తయ్య బండి మీద నుంచి.

“నిశ్చితార్థం కూడా గురువారమే. అది కూడా ఒప్పుకున్నావు.”

“ఐసు ఆగదు గదా.”

“మా పుట్టింటి పనంటే చాలు, నీ ఐసు ముందే కరిగిపోతాది.”

“అయితే నువ్వొక్కదానివే పో. నేనేమన్నా వద్దన్నానా?”

“ఒక్కదాన్నే పోవడానికా నిన్ను చేసుకునింది?”

అతడు కిక్కు కొట్టి బండి స్టార్టు చేసినాడు. వెనక రాఘవమ్మ ఒక చేత నొగ, ఒక చేత చీల పట్టుకొని వంగి ఉన్నది. చీల కొస రంధ్రంలోకి పోయిందో లేదో. అలసిపోయిన ఊపిరి ఒకటి విడిచి, ఎవరితోనూ కాకుండా, ‘పోనీ’ అన్నది.

అతడు పోనిచ్చినాడు.

చీల ఊడిపోయింది. నొగ నేలకు గుచ్చుకొని, తొట్టి అడ్డం తిరిగి, ఆమె కుడికాలిని తూము గోడకు అదిమివేసింది. కదిలిన బండి హోరుకూ, పక్క గుంటలో నీటిని చిలికే ఇంజనుచక్రాల రొదకూ ఆమె కేక అతనికి చేరలేదు. అరవై అడుగులు పోయిన తర్వాత బండి మరీ తేలికగా ఉన్నదని తెలిసి ఆగినాడు. తిరిగి చూడడానికి అద్దం లేదు. మెడ తిప్పి చూసినాడు.

కాలు రెండు చోట్ల విరిగింది. నెల్లూరులో కడ్డీ వేసినారు. ఆసుపత్రి నుంచి ఆమెను కామాక్షయ్య వెంకటాచలం తీసుకుపోయినాడు. మెట్లు లేని ఇల్లనీ, చూసుకోవడానికి ఆడవాళ్ళు ఉన్నారనీ అన్నాడు. రెండూ నిజమే కాబట్టి హజరత్తయ్య కాదనలేకపోయినాడు.

ఊరు ఆ మాటను చాలా కాలం నమిలింది. ఆమె పోనీ అన్నదా? అన్నది; గట్టు దిగువన నాచు ఏరుతున్న ముత్యాలయ్య తన చెవులతో విన్నాడు. అంటే తప్పు ఆమెది. కాదు, ఆమె అన్నది విసుగు పోనీ. బండి పోనీ కాదు. అంటే తప్పు ఎవరిదీ కాదు, మాటది. చివరకు ఊరు ఈ తీర్పు దగ్గర ఆగి, ఇంకొక సంగతికి మళ్ళింది. తీర్పు హజరత్తయ్యకు అనుకూలమే. కాని ఊరికి తెలియనిది ఒకటి అతనికి తెలుసు. ఆ రోజు రేకు మీద రెండు దెబ్బలు పడలేదు.

దెబ్బలు లేని పోనీని పద్దెనిమిదేళ్ళలో అతడు ఎన్నడూ వినలేదు. ఇంజను రొదలో మాట మోసం చేయవచ్చు. రేకు అదురు పిరుదుల కింద తెలుస్తుంది, అది మోసం చేయదు. అదురు రాలేదని ఆ క్షణాన అతనికి తెలుసు. తెలిసే పోనిచ్చినాడు. ఈ ముక్కను అతడు ఎవరికీ చెప్పలేదు. ముఖ్యంగా, చెప్పవలసిన ఒక్క మనిషికి చెప్పలేదు.

నెలకు రెండుసార్లు బస్సెక్కి వెంకటాచలం పోయేవాడు. హైవే పక్కన కామాక్షయ్యకు చిన్న టిఫిను కొట్టు ఉంది. రాఘవమ్మ ఎత్తు స్టూలు మీద కూర్చొని పొట్లాలు కట్టేది. హజరత్తయ్య బల్ల మీద కూర్చొని కాఫీ తాగి, గాలిని గురించి, మేతను గురించి, ఎవరి గుంటలో తెల్లమచ్చ రోగం తగిలిందో దానిని గురించి చెప్పి, లేచి వచ్చేవాడు. తిరుగు బస్సులో అతడు కిటికీ పక్కన కాక, వెనక సీటులో కూర్చునేవాడు. ఎందుకో అతనికీ తెలియదు.

గట్టు మీద పనికి మాత్రం ఒక ఉపాయం కుదుర్చుకున్నాడు. సరుగుడు తోపులో నడుమెత్తు పంగకర్ర ఒకటి నరికి తెచ్చినాడు. తొట్టిని చేత్తో తిప్పి, నొగను కర్ర పంగలో నిలబెట్టి, బండిని వెనక్కి నెట్టుకు వస్తాడు. రంధ్రాలు కలవవు. దిగి చూస్తాడు. రెండంగుళాలు ఎడమకు. మళ్ళీ ఎక్కుతాడు. ఈసారి కర్ర పడిపోతుంది. మూడోసారికో నాలుగోసారికో చీల దిగుతుంది. దిగినాక బండెక్కి, ఒక నిమిషం ఊరకే కూర్చుంటాడు. ఎవరైనా చూస్తే గాలి పీల్చుకుంటున్నాడనుకుంటారు. అలవాటు పడిన చెవి దేని కోసమో కనిపెట్టుకొని ఉంటుంది. ఆ చెవికి నచ్చజెప్పడానికి ఆ నిమిషం పడుతుంది.

“ఏమన్నా, కర్రతో కాపురం ఎట్లా ఉండాది?” అని ఎగతాళి చేసినాడొకనాడు పెంచలప్రసాద్. ఆ చివరి గుంట అతనిదే. నలభై యేళ్ళవాడు, నోరు కాస్త వదులు.

“ఎదురు మాట్లాడదు,” అన్నాడు హజరత్తయ్య.

ఈ భాద్రపదంలో ఒక ఉదయం మేత దింపుతుండగా పెంచలప్రసాద్ మోటారు షెడ్డులోనుంచి వచ్చి, “నిన్న నెల్లూరికి పోతా మీ బామ్మర్ది కొట్టు కాడ దోసె తిన్నానన్నా. వదిన కనిపించింది,” అన్నాడు.

“ఊఁ.”

“నేనే కదిలించినా. అసలు ఆ రోజు ఎట్లా జరిగింది వదినా అని. ‘తప్పంతా నాదే ప్రసాదూ, ఆయనదేం లేదు. చీల పడిందనుకొని రెండు దెబ్బలు కొట్టినా, పోనీ అన్నా. పడలా’ అనింది. మంచి మనిషన్నా. ఇంకొకతె అయితే మొగుడి మీదికి నెట్టేసుండును.”

హజరత్తయ్య చేతిలోని గోతం కిందికి జారింది. “దెబ్బలు కొట్టినానన్నదా?”

“రెండు దెబ్బలు అనింది. స్పష్టంగా.”

“సరిగా విన్నావా?”

“చెవులు ఉండాయన్నా నాకు. ఏం, కొట్టలేదా?”

హజరత్తయ్య వంగి గోతం ఎత్తుకున్నాడు. ఆ రోజు చీల దిగడానికి ఆరుసార్లు పట్టింది.

మరునాడు అతడు దిండును ఎండకు వేసినాడు. మేత వాసన పోయేదాకా తొట్టిని రెండుసార్లు కడిగినాడు. ఆ మరునాడు తెల్లవారినాక బస్సుకు పోకుండా తోకబండినే తీసుకొని బయలుదేరినాడు. కోట మీదుగా గూడూరు, గూడూరు నుంచి హైవే ఎక్కి వెంకటాచలం. నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఖాళీ తొట్టి మహా చెడ్డది. బరువుంటే బుద్ధిగా వస్తుంది, ఖాళీగా ఉంటే ప్రతి గతుక్కూ ఎగిరి తన ఒంటరితనాన్ని లోకానికి చాటుతుంది. హైవే మీద లారీలు వెనకనుంచి వచ్చి, హారను కొట్టి, గాలిదెబ్బతో బండిని పక్కకు నెట్టి పోయినాయి. ప్రతి హారనుకూ అతడు మెడ తిప్పి చూసినాడు. చూసిన ప్రతిసారీ ముందు దిండు కనిపించింది, ఆ తర్వాతే లారీ. గూడూరు దాటిన తర్వాత మెడనరం పట్టేసింది.

కొట్టు చేరేసరికి పదిన్నర. టిఫిను రద్దీ తగ్గింది. కామాక్షయ్య దోసె పెనం గీకుతూ తల ఎత్తి చూసి, “ఏం బావా, తోకతో సహా వచ్చినావు? ఇక్కడ రొయ్యలు ల్యా, ఇడ్లీలే,” అన్నాడు.

“మీ అక్కతో మాట్లాడాల.”

ఆ గొంతు విని కామాక్షయ్య కాఫీ రెండు గ్లాసుల్లో పోసి పెట్టి, పెనం తీసుకొని వెనకకు పోయినాడు.

రాఘవమ్మ స్టూలు మీద కూర్చొని మధ్యాహ్నానికి పచ్చడి పొట్లాలు కడుతున్నది. ప్లాస్టిక్ సంచి మూతిని మెలితిప్పి, దారం నాలుగు చుట్లు చుట్టి, పంటితో తెంపడం. ఒక్కొక్కటీ రెండు క్షణాల పని. కుడికాలు నేరుగా ముందుకు చాపి ఉన్నది; అది మడత పడదు. ఆమె తొట్టివైపు చూసి, “దిండు కూడా తెచ్చినావే,” అన్నది.

“ఎండకు వేసి తెచ్చినా.”

“మంచిది.”

“ప్రసాదు చెప్పినాడు.”

“ఏమని?”

“ఆ పొద్దు నువ్వు రెండు దెబ్బలు కొట్టినావని.”

దారం చుట్లు ఆగలేదు. “కొట్టినానా?”

“కొట్టలేదు.” హజరత్తయ్య కాఫీ గ్లాసును బల్ల మీద పెట్టినాడు. “కొట్టలేదని నాకప్పుడే తెలుసు. రేకు అదరలా. అయినా పోనిచ్చినా. కోపంలో ఉండా. చీల పడకపోతే పడకపోనీ అనుకున్నా. పడకపోతే ఏమవుతాదో ఆలోచన చేయలా. తొట్టి పడతాది, నువ్వు తిడతావు, అంతే అనుకున్నా.”

వాక్యాలు చిన్నవే. వాటిని కూడబెట్టడానికి పద్నాలుగు నెలలు పట్టింది. హైవే మీద ఒక కంటైనరు లారీ పోయింది.

“నెలకు రెండుసార్లు వస్తావు,” అన్నది రాఘవమ్మ. “ఆ బల్ల మీద కూర్చుంటావు. గాలి సంగతి చెప్తావు, మేత సంగతి చెప్తావు. ఈ పొద్దు చెప్తాడేమో, ఈ పొద్దు చెప్తాడేమో అని నేను పొట్లాలు కట్టుకుంటా ఉంటా. నువ్వు కాఫీ తాగి లేచి పోతావు.”

“నీకు తెలుసా? నాకు తెలుసునని?”

“పద్దెనిమిదేళ్ళు నీ వీపుకు వీపు పెట్టి కూర్చున్నా. తెలియకుండా పోతాదా?”

“తెలిసి కూడా జనంతో అబద్ధం ఎందుకు చెప్పినావు మే?”

“జనంతో చెప్పలేదు. ఒక్క ప్రసాదుతోనే చెప్పినా. వాడి నోట్లో వేస్తే గట్టు చివరిదాకా పోతాదని తెలుసు గదా.”

హజరత్తయ్య ఆమెవైపు చూసినాడు. ఆమె నవ్వలేదు, పంటితో దారం తెంపింది.

“అయితే రా,” అన్నాడతడు. “దిండు ఎండబెట్టినా. కాలికి ఆనుకోవడానికి బెన్హరుతో ఒక పలక కొట్టిస్తా. గట్టు మీద దిగక్కరలేదు నువ్వు. ఊరకే కూర్చో.”

రాఘవమ్మ కొంతసేపు తన కాలిని చూసుకున్నది. “కాలు ఒకటే అయితే పలక చాలు,” అన్నది.

“ఇంకేంది?”

“ఈ స్టూలు మీద నేను ముందుకు చూస్తా కూర్చుంటా. వచ్చేవాళ్ళు వస్తా ఉన్నట్టు కనపడతారు. అక్కడ పద్దెనిమిదేళ్ళు వెనక్కి చూస్తా కూర్చున్నా. పోయే ఊరు ఏనాడూ కనపడలా నాకు. దాటిపోయిన ఊరే కనపడేది.” ఆమె ఇంకొక సంచి తీసుకున్నది. “అప్పుడు అది తక్కువని నాకు అనిపించలా. ఇక్కడ కూర్చున్నాక తెలిసింది.”

కాఫీ మీద మీగడ కట్టింది. అతడు దానిని అట్లాగే తాగి లేచినాడు.

కొట్టు ముందు జాగా తక్కువ. ఒక పక్క నీళ్ళ డ్రమ్ములు, ఒక పక్క మురుగుకాలువ, వెనక హైవే. బండిని కొట్టువైపు ముఖం పెట్టి ఆపినాడు కాబట్టి, ఇక్కడా గట్టు చివర మాదిరే విడదీసి తిప్పాలి. చీల లాగినాడు. బండి తిప్పినాడు. తొట్టి తిప్పి, దాని అడుగున కట్టి ఉంచిన పంగకర్రను తీసి నొగ కింద నిలబెట్టినాడు.

“ఇదేనా నా సవతి?” అన్న మాట వినిపించింది.

రాఘవమ్మ స్టూలు దిగి, ఒక చేత గోడ పట్టుకొని వస్తున్నది. కుడికాలు అర్ధచంద్రంగా తిప్పి వేస్తూ, తొందర లేకుండా వచ్చింది. కర్రను తీసి తేరిపార చూసింది. చేతి రాపిడికి దాని పంగ నున్నగా అయింది.

“సన్నగా ఉండాది,” అన్నది.

“పడిపోతా ఉంటాది.”

“నువ్వెక్కు,” అన్నదామె నొగ అందుకొని.

అతడు బండెక్కినాడు. వెనక్కి నెట్టుకుంటూ వచ్చినాడు. ‘రా. రా. ఎడమకు. చాలు.’ ఒక్కసారికే రంధ్రాలు కలిసినాయి. చీల దిగిన చప్పుడు వినిపించింది. పైనుంచి కిందికి పూర్తిగా, ఇనుము మీద ఇనుము. ఆ తర్వాత రేకు మీద రెండు దెబ్బలు. అదురు అతని నడుములోనుంచి మెడ దాకా పాకింది.

“పోనీ,” అన్నదామె.

అతడు కదలలేదు. పట్టేసిన మెడను కష్టపడి తిప్పి చూసినాడు. ఆమె తొట్టి పక్కన నిలబడి ఉన్నది.

“ఏ పోనీ?” అని అడిగినాడు.

రాఘవమ్మ పంగకర్రను తొట్టి వెనకవైపుకు తీసుకుపోయి, దిండు మీద అడ్డంగా పడుకోబెట్టింది. జారిపోకుండా దిండు మూల కుట్టుదారం విప్పి కర్రకు ఒక ముడి వేసింది. పొట్లాలకు వేసినట్టే, నాలుగు చుట్లు.

“ఒక అద్దం పెట్టించుకో,” అన్నది. “మెడ తిప్పి తిప్పి ఎక్కడో లారీ కింద పడతావు.”

అతనికి అర్థమైంది. ఇన్నాళ్ళూ అద్దం లేని బండికి ఇప్పుడు అద్దం కావాలని చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కతే. ఆ ఒక్కతే చెప్పింది.

“సరే,” అన్నాడు.

“కాఫీకి వస్తా ఉండు.”

“వస్తా.”

“గాలి సంగతే చెప్పు. ఫరవాలేదు ఇప్పుడు.”

అతడు బండిని కదిలించినాడు. హైవే ఎక్కేటప్పుడు ఒకసారి, ఎక్కినాక ఒకసారి మెడ తిప్పి చూసినాడు. మొదటిసారి ఆమె నిలబడి ఉన్నది. రెండవసారి స్టూలు మీద కూర్చొని, రోడ్డుకేసి ముఖం పెట్టి, సంచి మూతిని మెలితిప్పుతున్నది.

కోట చేరేసరికి ఎండ నడినెత్తి దాటింది. బెన్హర్ కొట్టు మూసి అన్నానికి పోబోతూ, తోకబండిని చూసి ఆగినాడు. హజరత్తయ్య అడిగింది విని, లోపలనుంచి పాత అద్దం ఒకటి తెచ్చి తన చొక్కా అంచుతో తుడిచినాడు.

“పంతొమ్మిదేళ్ళకు బుద్ధి వచ్చిందా అన్నా? చీల తియ్యి. తొట్టి పక్కన పెట్టి బండి స్టాండు వేస్తే నిదానంగా బిగిస్తా.”

“చీల తీయను. ఇట్లాగే బిగించు.”

“తొట్టి అడ్డం గదా, నేను ఎట్లా వంగేది?”

“ఎట్లాగో ఒకట్లా వంగు బెన్హరూ. చీల మాత్రం తీయొద్దు.”

బెన్హర్ అతని ముఖం చూసి, రెంచి తీసుకొని, బండికీ కొట్టు గోడకూ నడుమ ఇరుక్కొని కుడివైపు పిడికి అద్దం బిగించినాడు. లేచి, చేతులు దులుపుకొని, సీటు మీదికి వంగి అందులో చూసినాడు.

“కిందికి చూస్తా ఉండాదన్నా. కొంచెం పైకి తిప్పుకో. తొట్టి తప్ప రోడ్డు కనపడదు.”

హజరత్తయ్య బండెక్కి కూర్చున్నాడు. అద్దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని మెల్లగా తిప్పినాడు. పైకి కాదు, ఇంకొక రవ్వ కిందికి. తొట్టి వెనక అంచు వచ్చింది. ఎండకు వేసిన దిండు వచ్చింది. దాని మీద పడుకున్న పంగకర్ర, నాలుగు చుట్ల దారపు ముడి వచ్చినాయి.

“ఏం, కనపడతా ఉండాదా రోడ్డు?” అన్నాడు బెన్హర్.

“కనపడతా ఉండాది లే,” అన్నాడు హజరత్తయ్య.

ఇంజను స్టార్టు చేసినాడు. అలవాటు చొప్పున ఒక నిమిషం అట్లాగే కూర్చున్నాడు. ఆ తర్వాత గుంటల దారి పట్టినాడు. ఆ నాటికి గట్టు చివరికి పోయే పని లేదు. కనీసం రేపటిదాకా ఆమె దింపిన చీల తీయనక్కరలేదు.